పంతొమ్మిది రోజుల నాటి నకలు

పెద్దాసుపత్రి, రెండో అంతస్తు,
సర్వర్ గది పక్కన
మార్చి 4

మామయ్యా,

నీ గొంతు ఆపరేషన్ తర్వాత నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. తెర ఉన్న వస్తువేదీ గదిలోకి రానివ్వడం లేదట నువ్వు. ముప్పై ఏళ్ళు చూశాను చాలు, నాతో పనున్నవాళ్ళు కలం పట్టుకోండి అని పలక మీద రాసి చూపించావని అమ్మ చెప్పింది. సరే, పట్టుకున్నాను. నావి కోడిగీతలు, ఓపిగ్గా చదువుకో.

నిజానికి నాకూ ఇదే నయం. ఇక్కడి మెయిల్‌లో ఏం రాసినా ఈ సర్వర్‌లోనే పడి ఉంటుంది. రేపు ఎవరైనా అడిగితే తీసి ఇవ్వాల్సింది నేనే.

సంగతేమిటంటే, పోయిన నెల సర్వర్ నలభై నిమిషాలు బిగుసుకుపోయింది. నీకు తెలియనిదేముంది, పదకొండు ఆసుపత్రుల మెయిళ్ళు, డ్యూటీ చార్టులు, డాక్టర్లు కేసుల గురించి మాట్లాడుకునే చర్చలు, ఏ ఆసుపత్రిలో ఏ రక్తం ఎన్ని సంచులుందో చూపించే షీటు, అన్నీ దాని మీదే. ఆ నలభై నిమిషాలూ పెద్ద పెద్ద సర్జన్లు కాగితాలు పట్టుకుని వరండాల్లో పరుగులు పెట్టారు. మర్నాడు సూపరింటెండెంట్ నన్ను పిలిచి, ఇక ఇది ఎన్నడూ ఆగడానికి వీల్లేదన్నారు. ఒక మెషీన్ పడితే రెండోది అందుకోవాలి. ఈ భవనమే పోయినా ఇంకో ఊళ్ళోంచి నడవాలి. జూన్ ఆఖరు గడువు.

మూడు కొత్త మెషీన్లు ఇచ్చారు. మనిషిని మాత్రం ఇవ్వలేదు. నువ్వు రిటైరైన నాలుగేళ్ళుగా ఈ గదికి నేనొక్కదాన్నే దిక్కు. నీ కుర్చీ దొరికింది గానీ నీ బుర్ర దొరకలేదు మామయ్యా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పు.

నీ కోడలు పిల్ల


గొంతు చికిత్సాలయం, పదకొండో గది
మార్చి 13

మేనకోడలు పిల్లకి మామయ్య దీవెనలు.

మాట పోయింది గానీ చెయ్యి నిక్షేపంలా ఉంది. పక్క మంచం ఆయన బస్సు కండక్టరు. ఆయనకీ గొంతు లేదు. పొద్దున్నే నర్సులు గుమ్మంలో నిలబడి కబుర్లాడుకుంటుంటే చిటికె వేసి ముందుకు జరగమంటాడు. నవ్వొచ్చినా నవ్వలేం ఇద్దరం. భుజాలు ఊగుతాయి, అంతే.

ఇక పని సంగతి. జంట మెషీన్లు రెండూ ఒకే గదిలో పెట్టకు. ఒకే సీలింగు కింద ఉన్న రెండింటినీ నేను ఒకటిగానే లెక్కేస్తాను. ఒకదాన్ని కింది అంతస్తుకి దింపు, ఎవరు గొణిగినా సరే.

తర్వాత, జంటలో ఒకదానికి ఇంకోదాని అలికిడి వినబడకపోతే అవతలిది చచ్చిందనుకుంటుంది. రెండూ అలాగే అనుకుంటే రెండూ పెత్తనం మొదలుపెడతాయి. ఒకే షీటులో ఇది ఒకటి రాస్తుంది, అది ఒకటి రాస్తుంది. అందుకని వేరే చోట ఒక చిన్న మెషీన్‌ని సాక్షిగా కూర్చోబెట్టు. సాక్షి ఎటు చెయ్యెత్తితే అటే పెత్తనం.

ఇక దూరపు నకలు. నూట నలభై కిలోమీటర్ల అవతల ఆ పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి మన చేతిలోనే ఉంది కదా. మూడో మెషీన్ అక్కడ పెట్టు. ఇక్కడ పడే ప్రతి అక్షరం వెనువెంటనే అక్కడా పడాలి.

అంతా అయ్యాక పట్టపగలు, అందరూ పనిలో ఉండగా, నడుస్తున్న మెషీన్ తీగ నీ చేత్తో పీకు, రెండోది అందుకుంటుందో లేదో చూడు. గడియారం చూసుకుంటూ పీకు. ఆ పని చేసేదాకా నువ్వు కట్టిందేదీ ఉన్నట్టు కాదు.

మామయ్య


పెద్దాసుపత్రి
జూన్ 20

మామయ్యా,

అయిపోయింది. గడువుకి పది రోజుల ముందే. సాక్షిని కింద రికార్డుల గదిలో బీరువా వెనక పెట్టాను. ఎక్స్ఛేంజిలో మూడో మెషీన్ నడుస్తోంది. వారం రోజులు అక్కడే ఉండి పెట్టొచ్చాను. పాత ఆపరేటర్ల కుర్చీలు ఇంకా వరసగా అలాగే ఉన్నాయి.

జంటని మాత్రం విడదీయనివ్వలేదు. కింద గది ఎక్స్‌రే వాళ్ళకి ఇచ్చేశారట. రెండూ ఇక్కడే పక్కపక్కన ఉన్నాయి. కరెంటు మాత్రం వేరు వేరు తీగల మీద ఇచ్చాను.

పరీక్ష కూడా అయింది. బాగా జరిగింది. పన్నెండు అంశాల ఫారం నింపి సంతకం పెట్టి ఇచ్చాను. వచ్చే వారం ఆసుపత్రికి గుర్తింపు ఇచ్చే కమిటీ వస్తోంది. వాళ్ళకి చూపించడానికి సూపరింటెండెంట్ ఆ ఫారం అడిగి మరీ తీసుకున్నారు.

బాగా అలిసిపోయాను. తీరిగ్గా మళ్ళీ రాస్తాను.

నీ కోడలు పిల్ల


పదకొండో గది
జూలై 2

కోడలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు పేజీలు పట్టాల్సిన కబురు అర పేజీలో తేల్చేశావు. ఎన్ని నిమిషాలు పట్టిందో రాయలేదు. తీగ పీకినవాడు ఎవరైనా ముందు చెప్పేది నిమిషాలే. నేను మొదటిసారి పీకినప్పుడు ఇరవై ఏడు నిమిషాలు పట్టింది. ఎవరెవరు ఏమని తిట్టారో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. నిన్నెవరు తిట్టారు?

పీకి ఉండకపోతే ఇప్పుడు పీకు. ఫారం సంగతి నాకనవసరం.

ఇక్కడ నాకు మాట నేర్పుతున్నారు. మెడకి ఒక చిన్న యంత్రం ఆనించి మాట్లాడాలి. నిన్న మొదటి మాట పలికాను, నీళ్ళు అని. నా గొంతులా లేదు, ఎవరో డబ్బాలో కూర్చుని అన్నట్టుంది. కండక్టరు చప్పట్లు కొట్టాడు.

మామయ్య


పెద్దాసుపత్రి
ఆగస్టు 27

మామయ్యా,

ఇన్నాళ్ళూ రాయనందుకు కోప్పడకు. పదిహేడో తేదీ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి మా పైన మూడో అంతస్తులో, బట్టలు ఉతికే చోట పైపు పగిలింది. సర్వర్ గది సీలింగు తెరలా చినిగి, నీళ్ళు నేరుగా జంట మీద పడ్డాయి. రెండూ పోయాయి, ఒకదాని వెనక ఒకటి, రెండు నిమిషాల తేడాలో. నువ్వు చెప్పినట్టే అయింది, నీ నోటి మాటకి శక్తి ఎక్కువ.

కానీ చూడు, దూరపు నకలు పనిచేసింది. ఎక్స్ఛేంజి నుంచి అన్నీ లేపాను. యాభై రెండు నిమిషాల్లో పదకొండు ఆసుపత్రులూ మళ్ళీ లోపలికి వచ్చాయి. నీకు నిమిషాలు కావాలిగా, ఇవిగో నిమిషాలు. సూపరింటెండెంట్ నా వెనకే నిలబడి ఉన్నారు, భుజం తట్టారు. ఇప్పుడు ఆ గది పొడిగా ఉంది. కొత్త జంట వస్తోంది. అంతా బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను.

నువ్వు మాట నేర్చుకోవడం మానకు.

నీ కోడలు పిల్ల


పదకొండో గది
సెప్టెంబరు 3

కోడలా,

ఇంత గుండ్రటి అక్షరాలతో నువ్వు ఎప్పుడూ రాయలేదు. ఒక్క కొట్టివేత లేదు. ఈ ఉత్తరానికి ముందు ఎన్ని చించి పారేశావు?

మీ అమ్మ మొన్న వచ్చి వెళ్ళింది. నువ్వు కంచం ముందు కూర్చుని లేచిపోతున్నావట. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకుండా గంటసేపు మెట్ల మీదే కూర్చుంటున్నావట. నన్ను అడగమంది. అడుగుతున్నాను. యాభై రెండు నిమిషాల తర్వాత ఏం జరిగింది?

మామయ్య


ఇల్లు
సెప్టెంబరు 11

మామయ్యా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. అడగకపోతే బాగుండేది.

ఆ ఆదివారం సాయంత్రం నాలుగింటికి తొమ్మిదో ఆసుపత్రిలో ఒకావిడ ప్రసవించింది. పాప బాగానే పుట్టింది. తల్లికి రక్తస్రావం ఆగలేదు. ఆమెది ఓ నెగటివ్, ఇంకే రక్తమూ ఎక్కించకూడదు. డ్యూటీ నర్సు షీటు తెరిచింది. నాలుగో ఆసుపత్రిలో మూడు సంచులున్నాయని కనబడింది. బండి పంపారు. నలభై నిమిషాలు వెళ్ళాక అక్కడ ఫ్రిజ్ ఖాళీ. ఆ మూడు సంచులూ వారం కిందటే ఏడో ఆసుపత్రికి వెళ్ళిపోయాయట. ఏడోది తొమ్మిదో ఆసుపత్రికి పక్క వీధిలోనే ఉంది మామయ్యా. పరిగెత్తితే పది నిమిషాలు. వాళ్ళు పరిగెత్తి తెచ్చేసరికి ఆమె లేదు.

ఆ షీటు పంతొమ్మిది రోజుల నాటిది. జూలై ఇరవై తొమ్మిదిన ఎక్స్ఛేంజిలో డిస్కు నిండిపోయింది. నిండగానే నకలు తీయడం ఆగిపోయింది. ఆగిందని మెషీన్ గంటకొకసారి హెచ్చరిక పంపుతూనే ఉంది. నాలుగు వందల యాభై ఆరు మెయిళ్ళు. అన్నీ నీ పాత మెయిల్ పెట్టెలోకి వెళ్ళాయి. నువ్వు దిగిపోయినప్పుడు ఆ పెట్టె మూసేయకు అన్నావు, నేను మూయలేదు. కొత్త మెషీన్లకి నీ పాత అమరికలే ఎక్కించాను, హెచ్చరికలు ఎవరికి వెళ్తున్నాయో చూడనూ లేదు.

పరీక్ష చేయలేదు. నీకు అబద్ధం రాశాను. రెండు గంటలు ఆపుతానంటే సూపరింటెండెంట్ వద్దన్నారు. కమిటీ వస్తోంది, ఇప్పుడు ఆపడమేమిటి, నడుస్తోంది కదా, సంతకం పెట్టి ఇవ్వండి అన్నారు. ఆయన నా చెయ్యి పట్టి పెట్టించలేదు. పన్నెండు గళ్ళున్నాయి. ఏడో గడిలో, హెచ్చరిక సంబంధిత వ్యక్తికి అందినదా అని ఉంది. అందినది అని టిక్కు పెట్టాను. కలం మార్చకుండా పన్నెండూ పెట్టేశాను, ఒక్క నిమిషం పట్టలేదు.

ఒకటే మాట లోపల తిరుగుతోంది. సర్వర్ అసలే లేకపోతే ఆ నర్సు ఫోన్ చేసేది. మధ్యాహ్నం ఆ యాభై రెండు నిమిషాలూ అందరూ ఫోన్ల మీదే నడిపారు, ఒక్క పొరపాటు జరగలేదు. నేను బాగు చేశాకే జరిగింది. వ్యవస్థ తిరిగి వచ్చింది, యథావిధిగా వాడుకోవచ్చు అని పదకొండు చోట్లకీ సందేశం పంపింది నేను.

ఎలాగూ బతికేది కాదేమోనని ఒక డాక్టరు అన్నాడు. ఆ మాట పట్టుకుని వేలాడమని అందరూ చెప్తున్నారు. నా వల్ల కావడం లేదు. విచారణ వేశారు, అక్టోబరు ఆరున.

నీ కోడలు పిల్ల


పదకొండో గది
సెప్టెంబరు 18

అమ్మా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు చేరిన కొత్తల్లో నేను ఇంటి నుంచి ఫోన్ చేసి, ఆ మూడో డిస్కు ఓసారి చూడమ్మా అనేవాణ్ణి, గుర్తుందా? చూస్తే నిజంగానే అది పోబోతూ ఉండేది. మామయ్యకి దివ్యదృష్టి ఉందని అందరికీ చెప్పుకునేదానివి. దృష్టీ లేదు, ఏమీ లేదు. హెచ్చరికలన్నీ నా పెట్టెకే వచ్చేవి. రోజూ పొద్దున్నే తెరిచి చదివేవాణ్ణి. రిటైరైనా ఆ గది ఇంకా నాతోనే మాట్లాడుతోందని లోపల్లోపల పొంగిపోయేవాణ్ణి. అందుకే మూయొద్దన్నాను. నీకు అప్పగించాల్సినవన్నీ అప్పగించి, ఆ ఒక్కటీ దాచుకున్నాను.

తర్వాత గొంతులో గడ్డన్నారు. ఆసుపత్రి, ఆపరేషన్. తెరల మీద విరక్తి పుట్టింది. ఆ పెట్టె తెరవడం మానేశాను. మానేశానని నీకు చెప్పలేదు, ఎందుకంటే అసలు తెరుస్తున్నానని ఏనాడూ చెప్పలేదు. నువ్వు కొత్త జంటా, సాక్షీ అన్నీ కడుతున్నప్పుడైనా ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. తీగ పీకు, గడియారం చూడు అని పెద్ద పాఠం చెప్పాను. ఇది చెప్పలేదు.

విచారణలో అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు. ఎక్కువ మాట్లాడకు. నా మాట విను.

మామయ్య


ఇల్లు
అక్టోబరు 9

మామయ్యా,

విచారణాధికారి ఫైల్లోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. చదవకముందే గుర్తుపట్టాను. తలకట్టుని పక్కకి వంచి రాసేది ఈ లోకంలో నువ్వొక్కడివే. అందులో ఇలా రాశావు: హెచ్చరికలు నా చిరునామాకి వెళ్ళేలా నేనే పెట్టాను, దిగిపోయేటప్పుడు మార్చడం మరిచాను, నా తర్వాత వచ్చినవారికి ఈ సంగతి తెలిసే వీలు లేదు, తప్పు పూర్తిగా నాది. కింద నీ సంతకం, సెప్టెంబరు పదిహేను.

పదిహేనున ఇది రాసిచ్చి, పద్దెనిమిదిన నాకు ఉత్తరం రాశావు. ఆ అధికారి నీ మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నారని ఒక్క ముక్క లేదు అందులో. ఎక్కువ మాట్లాడకు అన్నావు. ఇప్పుడర్థమైంది ఎందుకన్నావో.

ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. "రిటైరైన మనిషి, ఆరోగ్యం బాగాలేదు, ఆయన మీద ఎలాగూ చర్య ఉండదు. దీంతో ముగించేస్తే మీకూ మంచిదే కదా" అన్నారు. సూపరింటెండెంట్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

అందులో అబద్ధముందని చెప్పాను. ఫారం నింపింది నేనని, ఏ పరీక్షా జరగలేదని, ఏడో గడిలో టిక్కు ఎలా పెట్టానో చెప్పాను. అక్కడితో ఆగి ఉండొచ్చు. నీకు రాసిన ఉత్తరంలో అక్కడే ఆగాను. ఇంకొకటి ఉంది మామయ్యా. నీకు కూడా చెప్పలేదు.

నకలు పాతదని నాకు తెలుసు.

అన్నీ లేవగానే నా మెయిల్ తెరిచాను. అన్నిటికన్నా పైనున్న మెయిల్ జూలై ఇరవై తొమ్మిదిది. సూపరింటెండెంట్ వెనకే నిలబడి, వచ్చేసిందా, వచ్చేసిందా అని అడుగుతున్నారు. వచ్చేసింది అన్నాను. సందేశం పంపేశాను. తడిసిన డిస్కులు ఆరబెట్టి, మిగిలిన రోజుల సమాచారం లాగి, ఎవరూ గమనించేలోపు అతికించేద్దామనుకున్నాను. ఒంటిగంట యాభై రెండు నుంచి నాలుగు దాకా ఫ్యాను ముందు డిస్కులు పట్టుకుని కూర్చున్నాను. ఆ రెండు గంటల ఎనిమిది నిమిషాల్లో ఒక్క వాక్యం పంపి ఉంటే సరిపోయేది. షీటు పాతది, ఫోన్ చేసుకోండి. ఎన్ని మాటలు అవి? లెక్కపెడుతూనే ఉన్నాను అప్పటినుంచీ.

ఇదంతా చెప్పాను. అధికారి రాయడం ఆపి, "మీరు చెప్పింది మీకు అర్థమవుతోందా" అన్నారు. అవుతోందన్నాను.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. నన్ను కాపాడతానని నీకెవరు చెప్పారు? నీ సంతకం వెనక దాక్కుని నేను ఎన్నేళ్ళు బతకాలి? ఒక అబద్ధపు సంతకం చాలలేదా మన ఇద్దరికీ?

ఉద్యోగం నుంచి ప్రస్తుతానికి పక్కన పెట్టారు. ఎవరూ తిట్టడం లేదు. పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ నిలబడతాను, నీళ్ళు పోతూనే ఉంటాయి, అమ్మ వచ్చి కట్టేస్తుంది. నిన్న బాల్కనీ తలుపుకి తాళం వేసి, తాళం చెవి అమ్మకిచ్చాను. నాకు కనబడని చోట పెట్టు అన్నాను. ఎందుకని అమ్మ అడగలేదు. చీర కొంగున కట్టుకుంది.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు.


పదకొండో గది
అక్టోబరు 12

తల్లీ,

తాళం చెవి కొంగునే ఉంచుకోమని నర్సు చేత మీ అమ్మకి ఫోన్ చేయించాను. నిన్ను ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దని, ఇవాళే డాక్టరుకి చూపించమని కూడా చెప్పించాను.

ఈ చీటీ మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతిలో పెట్టి పంపుతున్నాను, కండక్టరుకి పాత నేస్తం అతను. డిశ్చార్జి కాగితాలు కాగానే సాయంత్రం బస్సుకి నేనూ వస్తున్నాను. నన్ను ఎంత తిట్టాలనుకున్నావో అంతా తిట్టు. తిరిగి అరవడానికి నాకు గొంతు కూడా లేదు.

నువ్వు చెప్పింది నిజం. నేను రాసిచ్చింది నిజం కాదు. ఆ కాగితం వెనక్కి తీసుకుంటున్నానని అధికారికి రాసి పంపించేశాను.

వస్తున్నా. తలుపు తియ్యి.

మామయ్య


టెలిఫోన్ ఎక్స్ఛేంజి
డిసెంబరు 2

మామయ్యా,

నువ్వు వెళ్ళి పది రోజులైనా అమ్మ ఇంకా నీ మంచం మడవలేదు. ఆ యంత్రం ఆనించుకుని నువ్వు కిటికీ దగ్గర పేపరు పైకి చదువుతుంటే పక్కింటివాళ్ళు రేడియో చెడిపోయిందనుకున్నారట, మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులకి. డాక్టరమ్మ దగ్గరికి మంగళవారాలు వెళ్తూనే ఉన్నాను. మందులు మానలేదు. నిద్ర ఇంకా సరిగ్గా పట్టడం లేదు.

ఉత్తర్వు వచ్చింది. నన్ను ఆ పదవి నుంచి తీసేశారు. ఉద్యోగం తీసేయలేదు. ఇక్కడ, ఎక్స్ఛేంజిలో, దూరపు నకలు దగ్గర కూర్చోబెట్టారు. నా పైన కొత్త అధికారిణి వచ్చింది, గట్టి మనిషి. వచ్చిన మూడో వారమే పట్టపగలు నిజమైన పరీక్ష చేయించింది. హెచ్చరికలు ఇప్పుడు ముగ్గురికి వెళ్తాయి, చదివామని ముగ్గురూ జవాబివ్వాలి. సూపరింటెండెంట్‌కి ఏమీ కాలేదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. చనిపోయిన ఆవిడ భర్తని చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళొద్దని ఆసుపత్రి వకీలు రాసి మరీ ఇచ్చాడు.

అతను బోర్డులు రాసే పెయింటరు. ఇంటి ముందు గదే పని గది. గోడకి నిచ్చెన, నేల మీద రంగు డబ్బాలు, పాత బనీను గుడ్డలు. లోపలి గదిలో అతని తల్లి పాపని భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. పాపకి మూడున్నర నెలలు. నేనెవరో చెప్పాను. కూర్చోమనలేదు, వెళ్ళమనీ అనలేదు. బ్రష్షు కడుగుతూ ఉండిపోయాడు. నేను మొదటినుంచీ చెప్పుకొచ్చాను, ఆ రెండు గంటల ఎనిమిది నిమిషాలతో సహా.

అంతా విని ఒకటే అడిగాడు.

"ఆ షీటు మీద తేదీ లేదా?"

"లేదు. పాతదని నాకు కనబడింది. వాళ్ళకి కనబడేలా ఎక్కడా లేదు" అన్నాను.

బ్రష్షు పిండి, గుడ్డతో తుడిచాడు. తర్వాత, నా వైపు చూడకుండా, "రోడ్డు తవ్విన చోట దారి లేదని రాయమని పిలుస్తారు నన్ను. ఎంత దూరం నుంచి చదవాలో అడగనిదే రంగు కలపను. బండి మీద వచ్చేవాడికి ఆగేంత టైముండాలి కదా" అన్నాడు. గొంతు పెంచలేదు. లోపల పాప ఏడుపు అందుకుంది. "ఇక వెళ్ళండి మేడం" అన్నాడు.

క్షమించమని అడగడానికి వెళ్ళానేమో, తెలియదు. అడగలేదు మాత్రం. మెట్లు దిగి బస్టాపులో కూర్చుంటే రెండు బస్సులు నా ముందు నుంచే వెళ్ళిపోయాయి.

నిన్న పోస్టులో నా పేరు మీద చుట్టిన కాగితం ఒకటి వచ్చింది. లోపల ఉత్తరం లేదు. విప్పి ఆపరేటర్ల బల్ల మీద పరిచాను, నాలుగు మూలలా బరువులు పెట్టి. పసుపు పచ్చ రంగు మీద నల్లటి అక్షరాలు, బ్రష్షుతో రాసినవి. ఇది పాత సమాచారం. నమ్మకండి. ఫోన్ చేసి అడగండి. దాని కింద తేదీకి, సమయానికి రెండు గళ్ళు. అంచున పెన్సిలుతో కొలత రాశాడు, తెరలో పావు వంతు కన్నా తగ్గించకూడదని.

కొత్త అధికారిణికి ఫోటో తీసి పంపాను. తెర మూల చిన్న గమనిక పెడితే చాలనుకుంది ఆవిడ అంతకుముందు. గంటలో జవాబు వచ్చింది, ఉన్నది ఉన్నట్టు పెట్టమని. దూరపు నకలు ఎప్పుడు లేచినా ఇకనుంచి ముందు ఇదే కనబడుతుంది, పదకొండు చోట్లా, అతని అక్షరాలతోనే.

ఫోన్ చేసి అడగండి అన్న చోట నంబరు కోసం ఒక గీత గీసి ఖాళీ వదిలాడు. రాత్రీ పగలూ ఎవరో ఒకరు ఎత్తే నంబరై ఉండాలి అది. ఇవాళ పొద్దున్న బల్ల ముందు కూర్చుని చాలాసేపు చూశాను. తర్వాత కలం తీసి నా నంబరు రాశాను.

నీ కోడలు పిల్ల